ఎడమ వైపు నుంచి వచ్చే బంతి

బతుకుతెరువు కోసం నేను బాస్కెట్‌బాల్ ఆడాను. ఈ మాట చెబితే మా వైపు ఇప్పటికీ నమ్మనివాళ్ళున్నారు. పంతొమ్మిది వందల యాభైల్లో ఆ ఆట బందరులో రెండు మూడు బళ్ళలో, ఒక కాలేజీలో తప్ప చుట్టుపక్కల ఎవరికీ పెద్దగా తెలియదు. మోపిదేవి దగ్గర మా పల్లెలో మా నాన్న మిషను బడి పంతులు. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా ఆయన పోయారు. అమ్మ నన్ను బందరు హాస్టల్లో చేర్చింది. అప్పటికే నేను మా పంతుళ్ళకంటే పొడుగు. డ్రిల్లు మాస్టారు నన్ను చూడగానే చేతికి బంతి ఇచ్చి, చెక్క బోర్డుకు బిగించిన ఇనప రింగు కింద నిలబెట్టారు. స్కూలు ఫైనలు పాసయ్యే నాటికి ఆరడుగుల మూడంగుళాలు ఎదిగాను. ఆ తరవాత నాకు దొరికిన ఉద్యోగాలన్నీ ఆ అంగుళాలకు దొరికినవే.

మొదట గుడివాడలో ఒక రైసుమిల్లు యజమాని పిలిచాడు. తన మిల్లు పేరుతో ఒక టీము ఉండాలని ఆయన కోరిక. నన్ను కాటా గుమస్తాగా రాసుకున్నారు గానీ నేను ఒక్క బస్తా తూచిన పాపాన పోలేదు. పొద్దునా సాయంత్రం ఆడటమే నా పని. రెండేళ్ళకు ఆయన కన్నుమూశాడు. కొడుకులు రింగులు పీకించి కోర్టు మీద ధాన్యం ఆరబోయించారు. తరవాత ఒక బస్సుల కంపెనీ టీములో ఏడాది. ఆ తరవాత ఒక చక్కెర ఫ్యాక్టరీ టీములో రెండేళ్ళు. ఎక్కడికి వెళ్ళినా కొత్త బనియను, కొత్త నంబరు, కొత్త గది. ఎండాకాలం వచ్చేసరికి ఈ ఏడు ఉంచుతారా పంపేస్తారా అన్న దిగులు మొదలయ్యేది.

నేను గొప్ప ఆటగాణ్ణి కాను. రింగు తగిలి వెనక్కి వచ్చిన బంతిని పైకి లేచి పట్టుకుని, బాగా ఆడేవాడికి అందించేవాణ్ణి. నాలాంటివాడు టీముకి ఒకడు కావాలి. కాని ఆ ఒకడు నేనే కానక్కర్లేదు. గుంటూరు నుంచో నెల్లూరు నుంచో వచ్చిన టీములో నాకన్నా అంగుళం పొడుగున్నవాడు కనబడితే, మా మేనేజరు వాడి వంక ఎన్నిసార్లు చూశాడో లెక్కపెట్టుకునేవాణ్ణి.

చివరికి బందరులోనే ఒక ప్రభుత్వ శాఖ వాళ్ళు నన్ను తీసుకున్నారు. ఉద్యోగం తాత్కాలిక గుమస్తా. టీములో నిలబడితే రెండు మూడేళ్ళలో పర్మనెంటు చేస్తామన్నారు. పర్మనెంటు అన్న మాట మా ఇంటావంటా లేదు. ఆ కబురు రాస్తే అమ్మ ఆదివారం ప్రార్థనలో, మా చర్చి గుళ్ళో నిలబడి దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పిందట.

ఆ టీములోనే నా స్నేహితుడు కలిశాడు. బందరు ముస్లిం కుటుంబం. వాళ్ళ నాన్న కలంకారీ అద్దకం పనివాడు. ఇతను పొట్టి, చురుకు. బంతి చేతిలో ఉంటే ఎవరి సందులోంచి దూరి వెళ్ళాడో తెలిసేది కాదు. మొదటి రోజే నా పక్కన నిలబడి తల పైకెత్తి, "పైన గాలి ఎలా ఉంది బావా?" అన్నాడు. ఆ రోజు నుంచి నేనతనికి బావ, అతను నాకు బావ.

రెండో ఏడు గుడివాడలో పోటీలకు వెళ్ళాం. ఒక మ్యాచిలో బంతి కోసం ఇద్దరం ఒకేసారి ఎగిరాం, నేనూ అవతలి టీము మనిషీ. అతని మోచెయ్యి నా ఎడమ కంటికి తగిలింది. కావాలని కొట్టింది కాదు. నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. కళ్ళ ముందు మెరుపులు మెరిశాయి. ముఖం మీద నీళ్ళు చల్లారు. లేచి మిగతా ఆట ఆడాను. గెలిచాం కూడా.

వారం రోజులకు ఆ కంటిలో నల్లటి నలుసులు తేలడం మొదలైంది. దోమలనుకుని చేత్తో తోలుకునేవాణ్ణి. ఒకనాడు పొద్దున్నే ముఖం కడుక్కుంటూ కుడి కన్ను మూస్తే, ఎడమ కంటిలో కింది సగం లేదు. పోటు వచ్చినప్పుడు చేలోకి ఉప్పునీరు ఎక్కినట్టు నలుపు అడుగు నుంచి పైకి లేస్తోంది. చెంబు కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. కన్ను పోతుందన్న భయం నాకు రెండో ఆలోచన. మొదటి ఆలోచన, ఎవరైనా చూశారా అని.

బందరులో డాక్టరుకు చూపిస్తే ఆఫీసుకి తెలిసిపోతుందని గుడివాడ వెళ్ళాను. అక్కడ ఒక కంటి డాక్టరు గారి దగ్గర వేరే పేరు చెప్పాను. ఆయన చీకటి గదిలో కూర్చోబెట్టి, చిన్న దీపం వేసి చాలాసేపు చూశారు.

"దెబ్బ ఎలా తగిలింది?"

"సైకిలు మీంచి పడ్డానండీ."

"కంటి లోపలి పొర ఊడి వస్తోందయ్యా. మద్రాసు వెళ్ళాలి. ఈ వారంలోనే. ఆపరేషను చేసి కొన్నివారాలు కదలకుండా పడుకోబెడతారు. కన్ను నిలబడుతుందని మాట ఇవ్వలేను. వెళ్ళకపోతే మాత్రం పోతుందని మాట ఇవ్వగలను."

"పది రోజులాగి వెళ్ళొచ్చా అండీ?"

ఆయన దీపం ఆర్పి నా వంక చూశారు. "పది రోజుల్లో నీకేం పనుంది?"

పది రోజుల్లో వచ్చే ఏడాదికి టీము ఎంపిక ఉంది. ఆ సంగతి ఆయనతో చెప్పలేదు. ఉత్తరం రాసిచ్చి, "ఇంకో మాట. దెబ్బ తిన్న కన్ను ఒక్కొక్కసారి బాగున్న కన్నును కూడా తినేస్తుంది. అశ్రద్ధ చెయ్యకు" అన్నారు. ఆ ఉత్తరం నాది కాని పేరు మీద ఉంది. బందరు వచ్చే బస్సులో దాన్ని నాలుగైదుసార్లు మడిచి విప్పాను. మద్రాసు వెళ్ళలేదు. ఎంపికలో ఆడాను, నిలబడ్డాను. నెల తిరిగేసరికి ఎడమ కంటిలో వెలుగుందో లేదో తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. పైకి మాత్రం కన్ను మామూలుగానే ఉండేది. అద్దంలో చూసుకుంటే నాకే అనుమానం వచ్చేది, నిజంగా పోయిందా అని.

ఒంటికంటివాడికి దూరం తెలియదు. విసిరిన బంతి ఇంకా రావాలి అనుకునేలోపు వచ్చి ముఖాన తగులుతుంది. అందరూ లేవకముందే కోర్టుకి వెళ్ళి, రింగుకు ఎన్ని అడుగుల్లో నిలబడితే చెయ్యి ఎంత లేపాలో అడుగులు కొలుచుకుని నేర్చుకున్నాను. అందరూ నా కుడి వైపే ఉండేలా కోర్టు ఎడమ అంచున నిలబడేవాణ్ణి. మేనేజరు, "నువ్వు ఈ మధ్య గీతను అంటుకుని ఉంటున్నావేంటయ్యా?" అని ఒకసారి అడిగితే, "అక్కడ ఖాళీ దొరుకుతోందండీ" అన్నాను.

ఎండాకాలం సెలవలకు ఇంటికి వెళ్ళాను. వసారాలో కూర్చుని అమ్మ నా బనియను కుడుతోంది. సూదీ దారం నా చేతికిచ్చి, "నా కళ్ళకి ఆనటం లేదురా, ఎక్కించు" అంది. మూడుసార్లు, నాలుగుసార్లు ప్రయత్నించాను. దారం సూది ముందో వెనకో గాలిలోకి పోతోంది. అమ్మ చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది. లేచి వచ్చి తన అరచేత్తో నా కుడి కన్ను మూసి, ఎదుట రెండో చెయ్యి ఆడించింది.

"ఎన్ని వేళ్ళు?"

నేను సూదీ దారం పక్కన పెట్టేశాను.

"ఎప్పట్నించి?"

"సంక్రాంతి ముందు నుంచి."

అమ్మ ఏడవలేదు. నా పక్కన కూర్చుని, "ఆ ఆట మానెయ్ నాయనా" అంది.

"మానేస్తే ఉద్యోగం పోతుందమ్మా. పర్మనెంటు అయ్యాక మానేస్తాను."

"ఆ రెండోది కూడా పోతే?"

ఆ మాటే నేను రోజూ నన్ను అడుగుతున్నది. ఆమె నోట విన్నాక దానికి ప్రాణం వచ్చినట్టయింది. ఎవరితోనూ అననని చేతిలో చెయ్యేయించుకుని బందరు బస్సెక్కాను.

నా స్నేహితుడికి నేను చెప్పలేదు. తనే కనిపెట్టాడు. ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. నేను బూట్ల లేసులు విప్పుకుంటున్నాను. ఎడమ చెవి మీద బంతి వచ్చి తగిలింది. తిరిగి చూస్తే నాలుగడుగుల దూరంలో అతను.

"మెల్లగానే వేశాను" అన్నాడు. "కళ్ళున్నవాడైతే పట్టుకుంటాడు."

దగ్గరకు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాను. విని బంతిని అటూ ఇటూ దొర్లించాడు.

"ఎవరికీ చెప్పకు. నాకు కూడా చెప్పలేదనుకో" అన్నాడు.

అతనే ఒక ఉపాయం ఆలోచించాడు. కుడి నుంచి బంతి ఇచ్చేటప్పుడు గానీ అడిగేటప్పుడు గానీ "బావా" అని ఒకసారి అరుస్తాడు. ఎడమ నుంచి అయితే రెండుసార్లు. రెండుసార్లు వినబడితే నేను నడుము దాకా తిరిగిపోవాలి. నెల రోజుల్లో అది మా ఇద్దరికీ అలవాటైపోయింది. చూసేవాళ్ళకు సరదాగా ఉండేది. వాళ్ళు కూడా గట్టు మీంచి "బావా బావా" అని అరిచేవాళ్ళు. అలా అరిచిన ప్రతిసారీ నేను చెవి ఒగ్గి వినేవాణ్ణి. ఏ అరుపు అతనిదో ఏది వాళ్ళదో తెలియాలి కదా.

మరుసటి ఏడు పర్మనెంటు కాగితాలు కదిలాయి. కాని ముందు డాక్టరు పరీక్ష అన్నారు. కంటి పరీక్ష కూడా ఉంటుందని విన్నాను. మా ఇద్దరికీ ఒకే రోజు పరీక్ష. అతను ముందు వెళ్ళి వచ్చాడు. వరండాలో నా పక్కన కూర్చుని, లోపల గోడకున్న అట్ట మీది ఇంగ్లీషు అక్షరాలు పై వరస నుంచి కింది వరస దాకా గడగడా చెప్పాడు. నాలుగుసార్లు చెప్పించుకున్నాను. నా పేరు పిలిచారు.

కుడి కంటితో చదివాను. తరవాత డాక్టరు గారు ఆ కంటికి అట్టముక్క అడ్డం పెట్టారు. నా ముందు ఏమీ లేదు, బూడిదరంగు వెలుగు తప్ప. ఆ వెలుగులోకి చూస్తూ నేను వరస తరవాత వరస చదివాను. మధ్యలో అక్షరాలు పోల్చుకుంటున్నట్టు ఒకటి రెండుచోట్ల ఆగాను కూడా.

"బాగుంది" అన్నారాయన. "ఆ కింది వరస వెనక నుంచి చదువు."

బల్ల అంచు పట్టుకున్నాను. మనసులో ఆ వరసను ముందు నుంచి అనుకుంటూ, చివరి అక్షరం పట్టుకుని, మళ్ళీ మొదటికి వెళ్ళి, దాని ముందుది పట్టుకుని, అలా ఒక్కొక్కటే చెప్పాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని సంతకం పెట్టారు. బయటికి వచ్చి గోడ వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాను. నా స్నేహితుడు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆర్డర్లు రెండు మూడు నెలల్లో వస్తాయన్నారు.

ఆ రెండు మూడు నెలల్లోనే బందరులో పెద్ద పోటీలు వచ్చాయి. మేము ఫైనలుకు వచ్చాం. గట్టు నిండా జనం. దివిసీమ నుంచి కూడా వచ్చారు. ఇంకా అయిదు నిమిషాల ఆట ఉందనగా బంతి నా చేతికొచ్చింది. నా స్నేహితుడు ఎటున్నాడో తెలియలేదు. జనం గోల గోలగా ఉంది. ఎక్కడో "బావా" అని వినబడింది. ఒకసారే అనుకున్నాను. అతను కుడి పక్కే ఉన్నాడని, ఎడమ పక్క ఎవరూ లేరని నమ్మి, ఎడమ కాలు బలంగా వేసి తిరిగాను. ఎడమ వైపు నుంచి అతను పూర్తి వేగంతో నా పక్కకు వస్తున్నాడు. రెండుసార్లు పిలిచాడట. నా బరువంతా అతని మోకాలి మీద పడింది.

కర్ర విరిగినట్టు చప్పుడు వచ్చింది. నేను పైకి లేచాను. అతను లేవలేదు. కాలు ఉండవలసిన దిక్కుకు లేదు. నొప్పితో ముఖం తెల్లబడిపోయింది, కాని అరవలేదు. నా వంక చూశాడు. నలుగురు కలిసి బల్ల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అందరూ ఆటలో సహజమేనన్నారు. మేనేజరు నా భుజం తట్టి, "బాధపడకు, నువ్వేం చేస్తావు" అన్నాడు.

నేను ఆసుపత్రికి వెళ్ళలేదు. మర్నాడు వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఆసుపత్రి వీధి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాణ్ణి. అతని కాలు చూడలేనని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. అతను నొప్పిలోనో కోపంలోనో ఎవరితోనైనా అనేశాడేమో, నేను వెళ్ళేసరికి మేనేజరు అక్కడ ఉంటాడేమో అని నా భయం. ఆర్డరు ఇంకా రాలేదు. నా మూలంగా మంచాన పడ్డ మనిషి గురించి నేను ఆలోచించింది అది.

తొమ్మిదో రోజు పొద్దున నా గది తలుపు దగ్గర వాళ్ళ నాన్న నిలబడి ఉన్నారు. ముసలాయన. అద్దకం రంగు గోళ్ళలోకి ఇంకిపోయిన చేతులు. ఎన్నడూ నా గదికి వచ్చిన మనిషి కాదు.

"మావాడు మిమ్మల్ని అడుగుతున్నాడండీ. ఊళ్ళో లేరేమో అన్నాను. ఉన్నారంటాడు."

"ఒంట్లో బాగా లేదండీ" అన్నాను.

"అలాగా. మావాడు కూడా అదే అన్నాడు, మీకు ఒంట్లో బాగుండదు, నువ్వెళ్ళి తీసుకురా అని."

ఆయన వెనక నడుచుకుంటూ వెళ్ళాను. ఏం తెలుసో, ఏం తెలియదో అని ఆయన వీపు వంక చూస్తూ నడిచాను.

అతని కాలికి తొడ నుంచి మడమ దాకా పిండికట్టు వేశారు. వాళ్ళ నాన్న నీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళారు.

"ఎవరికైనా చెప్పానా అని చూడ్డానికి వచ్చావా?" అన్నాడు.

నేను తల దించుకున్నాను.

"చెప్పలేదు. మోకాలు ఇక వంగదన్నారు. అది నీ తప్పని నేను అనుకోవటం లేదు బావా. నీకు కనబడదని తెలిసీ నేనే ఎడమ వైపు నుంచి వచ్చాను. కాని ఈ తొమ్మిది రోజులు ఆ తలుపు వంక చూస్తూ పడుకున్నాను. అది మాత్రం నీ తప్పే."

అంతకన్నా ఎక్కువ తిట్టి ఉంటే బాగుండేది. నేను అతని మంచం అంచున కూర్చున్నాను. వాళ్ళ నాన్న తెచ్చిన నీళ్ళు తాగాను. లేచేటప్పుడు, "రేపు ఆఫీసరు గారికి చెప్పేస్తాను" అన్నాను.

"ఆర్డరు వచ్చాక చెప్పు. తొందరేముంది?"

"వచ్చాక నేను చెప్పను. నా సంగతి నాకు తెలుసు."

అతను నవ్వబోయి నొప్పితో ఆగిపోయాడు.

మర్నాడు పదింటికి ఆఫీసరు గారి గదిలోకి వెళ్ళాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాను. నా ఎడమ కన్ను కనబడదని, ఏడాదిన్నర అయిందని, పరీక్షలో అక్షరాలు ముందే బట్టీపట్టి చదివానని చెప్పాను. అక్షరాలు ఎవరు చెప్పారని అడిగారు. వరండా కిటికీలోంచి చూసి నేనే నేర్చుకున్నానన్నాను. అది అబద్ధమని ఆయనకు తెలిసే ఉంటుంది. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు.

"నేను దీన్ని పైకి రాస్తే నీ మీద కేసవుతుంది. నువ్వే మానేస్తున్నట్టు రాసివ్వు. సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యి" అన్నారు.

రాసిచ్చాను. పెట్టె తీసుకుని నడుస్తుంటే నాకు తేలికగా అనిపించిందని చెప్పాలని ఉంది. అనిపించలేదు. రేపటి నుంచి ఏం చెయ్యాలన్న భయం తప్ప ఏమీ లేదు. ఇరవై ఏడేళ్ళు. ఆడటం తప్ప ఒక్క పని రాదు.

నా స్నేహితుడికి ఆర్డరు వచ్చింది. ఆటలో గాయపడ్డాడు కనక ఉంచారు. బిగుసుకుపోయిన కాలితో ఆ ఆఫీసులోనే గుమస్తాగా చేశాడు. నేను ఆరేడు నెలలు ఇంట్లో ఉండి, తరవాత అవనిగడ్డలో ఒక ఎరువుల వ్యాపారి గోడౌనులో చేరాను. నా కంటి సంగతి చేరేముందే చెప్పాను. ఆయన, "బస్తాలు చిన్నవా ఏంటి, కనబడకపోవడానికి" అన్నాడు. అక్కడే ఇరవై ఏళ్ళకు పైగా చేశాను.

రెండో కన్ను పోలేదు. పోతుందేమోనన్న భయం మాత్రం చాలా ఏళ్ళు నాతోనే ఉంది. పొద్దున మెలకువ రాగానే కళ్ళు తెరిచేవాణ్ణి కాదు. కాసేపు ధైర్యం తెచ్చుకుని, తెరిచి, దూలం మీది బల్లి కనబడ్డాకే లేచేవాణ్ణి. పెళ్ళయ్యాక నా భార్య అది గమనించి, నేను లేచేసరికి ఎదురుగా వచ్చి నిలబడి, "కనబడుతున్నానా?" అని అడిగేది. ఎగతాళిగా అనేది కాదు.

నా పెళ్ళికి అతను బందరు నుంచి వచ్చాడు. గుళ్ళో చాపల మీద కూర్చోలేడు కనక వెనక ఒక కుర్చీ వేశారు. కాలు దారిలోకి చాపుకుని కూర్చున్నాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆ కాలు దాటుకుని నడుస్తున్నారు. ప్రమాణాలు చెబుతూ నేను రెండుసార్లు అటే చూశాను. భోజనాల దగ్గర అమ్మ అతనికి తనే వడ్డించి, పక్కనే నిలబడి, "నా కొడుకు మూలంగా" అని ఏదో అనబోయింది.

"అమ్మా, కూర బాగుందండీ. ఇంకొంచెం వెయ్యండి" అన్నాడతను.